గిన్నెలో మిగిలిన పెట్రోలు

మూడుసార్లు ఉతికినా నా నేత చీర కొంగులో ఆ వాసన పోలేదు. ఈ ఉదయం చీర మడతపెడుతుంటే మళ్లీ ముక్కుకు తగిలింది. అది పెట్రోలు వాసన కాదు. పెట్రోలు ఏళ్ల తరబడి ఒకేచోట నిలిచి, జిగురై, గట్టిపడ్డాక వచ్చే వాసన. పాత వార్నిషులో మాడిన బెల్లం కలిపినట్టుంటుంది. మరకైతే నిమ్మచెక్క పెట్టి రుద్దవచ్చు. వాసనకు ఏం చేయాలో నాకు తెలియలేదు. అది నా కొంగుకు ఎలా అంటిందో చెప్పాలంటే మా తమ్ముడి మోటారు సైకిలు బండి దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి, తార్‌బహార్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. తమ్ముడు ఇక్కడే రైలింజిన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరయ్యాడు. నాకు పెళ్లయిందీ ఈ ఊళ్లోనే, బడిలో లెక్కలు చెప్పేదాన్ని. తమ్ముడికి పిల్లలు లేరు. ఆ లోటు బండితో తీర్చుకున్నాడని మా అమ్మ ఎత్తిపొడిచేది. వీధి చివరి కిళ్లీ కొట్టుకైనా బండి మీదే వెళ్లేవాడు. సదర్ బజార్‌లో కూరలు కొనడానికి భార్యను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, ఆమె బేరం చేసినంత సేపూ తాను బండి తుడుస్తూ నిలబడేవాడు. వాడికొక నియమం ఉండేది. మర్నాడు బండి తీసేదుంటే ఏమీ చేయడు. నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వస్తే మాత్రం పెట్రోలు ట్యాపు కట్టేసి, ఇంజిన్ నడుస్తూ నడుస్తూ దానంతట అది ఆగిపోయేదాకా పక్కనే నిలబడతాడు. ఇంజిన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది, అందులో చుక్క మిగలకూడదు. "నిలవుంటే గొంతులో కఫంలాగ పట్టేస్తాది అప్పా," అనేవాడు నాతో.

ఒకసారి మా మేనమామ పోయాడని టెలిగ్రాం వచ్చింది. రైలుకు వేళయింది. మా అమ్మ రిక్షాలో కూర్చుని శోకాలు పెడుతోంది, మరదలు మూటలు సర్దుతోంది, వీడు మాత్రం వసారాలో బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బండి ఎంతకీ ఆగదు. మా అమ్మ శోకం మధ్యలో ఆపి, "అక్కడ మావని కట్టెల మీద పెట్టేస్తారు, ఇక్కడ నీ బండి ఆగదు గావాల్రా," అంది. వాడు కదల్లేదు. ఇంజిన్ ఆగింది, అప్పుడు రిక్షా ఎక్కాడు. ఆ ప్రయాణంలో ఏడుస్తూ కూడా ఆ మాట తలచుకుని మేం నవ్వాం.

వాడు పోయింది వానాకాలంలో. తేదీ నాకు తెలుసు, ఇక్కడ రాయను. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బండి వసారాలో పెట్టి, తల తుడుచుకుంటున్నాడు. ఆ రోజు దగ్గర్లోని తఖత్‌పూర్‌లో మరదలి చెల్లెలి బిడ్డకు పేరు పెడుతున్నారు. మరదలు పట్టుచీర కట్టుకుని, మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంతలో షెడ్డు నుంచి మనిషి వచ్చాడు, మళ్లీ డ్యూటీకి రమ్మని. వాడు సరేనన్నాడు. మరదలు డబ్బా కింద పెట్టి, "ఎళ్తే ఎళ్లు. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు," అంది. కాపురాల్లో అనుకునే మాటే. వాడు గొడుగు తీసుకుని, బండి తీయకుండా, లైన్ల మీదుగా దగ్గర దారిన నడిచి వెళ్లాడు. యార్డులో వెనక్కి వస్తున్న ఇంజిన్ కింద పడ్డాడు. వాన, గొడుగు, వినపడలేదు, ప్రమాదం అని రైల్వే వాళ్లు కాగితం రాశారు.

మా అమ్మ ఆ కాగితాన్ని నమ్మలేదు. "కిళ్లీ కొట్టుకి బండేసుకెళ్లే గుంటడు నడిచెళ్లినాడంటే తిరిగొచ్చే ఉద్దేశం లేకే. గుమ్మం తొక్కొద్దన్నాది, తొక్కలేదు," అనేది. బతికినన్నాళ్లూ ఆ మాటే. మరదలు వడ్డించిన అన్నం కలుపుకుంటూ అనేది. మంచాన పడ్డాక, ఒళ్లు తుడిపించుకుంటూ అనేది. మరదలు ఒక్కనాడూ బదులు చెప్పలేదు. నేను కూడా ఎటూ చెప్పలేదు. లెక్క తేలని చోట నచ్చిన అంకె వేయకూడదు, ఖాళీగా వదలాలి అని పిల్లలకు చెప్పినదాన్ని. ఇది నా ఇంట్లో లెక్క కూడా కదా, ఖాళీగానే వదిలాను. బండి మీద తార్పాలిన్ కప్పి వెనక రేకుల కొట్టులో పెట్టించింది అమ్మ. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన వాడి బట్టల్లో దొరికిన తాళం చెవిని తన బొడ్డు సంచిలో దాచుకుంది. ఆమె పోయాక ఆ తాళం చెవి మరదలి బీరువాలోకి వెళ్లింది.

నా భర్త పోయాక నేనూ ఆ ఇంటికే వచ్చేశాను. ఇద్దరం ముసలివాళ్లం, ఒకరికి చెవులు, ఒకరికి మోకాళ్లు పోయినవాళ్లం, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. ఈ వానలకు రేకుల కొట్టు గోడ కూలింది. "ఇంక అమ్మేద్దాం వదినా. ఎవుడి కోసం దాచుతాం," అంది మరదలు. సదర్ బజార్‌లో పాత బండ్లు సరదాగా కొనే వ్యాపారి ఒకాయన, స్టార్టయితే తీసుకుంటానన్నాడు. అందుకని మెకానిక్కును పిలిపించాం. మన రైల్వే కుటుంబాల వాడే. నలభై దాటినవాడు, తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. నన్నూ మరదల్నీ ఇద్దర్నీ మామ్మా అనే పిలిచాడు.

ట్యాంకు తుప్పు చూసి పెదవి విరిచాడు. వేరే సీసాలో కొత్త పెట్రోలు పెట్టి నడిపిద్దామన్నాడు. కార్బురేటర్ ఊడదీసి గోనెపట్టా మీద పెట్టాడు. అడుగు గిన్నె ఊడి రాలేదు. స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ మెల్లగా కొట్టాక టక్కున వచ్చింది. లోపల నల్లటి ఎరుపు రంగులో, గాజు పెంకులా గట్టిపడిన జిగురు. పెట్రోలు వెళ్లే సన్నటి ఇత్తడి గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి.

"సూడు మామ్మా, బెల్లం పాకం," అన్నాడు, మరదలి చెవులకు కూడా అందేంత గట్టిగా. "ఎవుడు నడిపేవోడో గానీ లాపర్వా ఆద్మీ, జాగర్త లేనోడు. గిన్నె నిండా పెట్రోలుతో ఒగ్గేసినాడు. రేపు పొద్దున్న మళ్లీ తీద్దాంలే అనుకున్నోడి పని ఇది."

టీ పట్టుకొస్తున్న మరదలు గ్లాసులు నేల మీద పెట్టింది.

నేను మోకాళ్లు పట్టుకుని గోనెపట్టా దగ్గర కూలబడ్డాను. "ట్యాపు కట్టేసి, ఎండగట్టి పెడితే ఇలా పట్టదా?" అని అడిగాను.

"ఇంత పట్టదు మామ్మా. అడుగున కాస్త తెల్లటి పొడుంటాది, అంతే."

ట్యాపు తెరిచే ఉంది, తుప్పు పట్టి అక్కడే బిగుసుకుపోయింది. వాడు వదిలాక దాన్ని ఎవరూ తిప్పినట్టు లేదు. తాళం చెవి కూడా మా అమ్మ బొడ్డు సంచిలో, మరదలి బీరువాలో తప్ప ఎక్కడా లేదు. వాడి తర్వాత ఆ ఇంజిన్‌ను ఎవరూ కదిలించలేదు. గిన్నె చేతిలోకి తీసుకుని, వేలితో గీరి చూసి, తెలియకుండానే వేలు కొంగుకు తుడుచుకున్నాను. మేనమామ చావుకు వెళుతూ కూడా ఇంజిన్ ఆగేదాకా నిలబడినవాడు, ఇంక రానని వెళ్లేవాడైతే దీన్ని ఇలా వదిలేవాడా? ఇది రుజువు కాదని నాకు తెలుసు. మనిషి ఒక్కరోజు మామూలుగా ఉండకపోవచ్చు. అయినా ఖాళీగా వదిలిన చోట ఆ రోజు ఒక అంకె వేశాను, పెన్సిలుతో.

మరదలు వంగి ఆ గిన్నెలోకి చూసి, "నా మాట ఎప్పుడిన్నాడు గనక," అంది. "ఆ రోజూ ఇన్లేదన్నమాట."

మెకానిక్కు ఏదో మొగుడూ పెళ్లాల హాస్యమనుకుని నవ్వాడు. చీపురు పుల్ల ఒకటి అడిగి, ఇత్తడి గొట్టాల రంధ్రాలు పొడుస్తూ, జిగురు కరిగే మందు కొడుతూ, నోటితో ఊది వెలుతురుకు పెట్టి చూసుకుంటూ పనిలో పడ్డాడు. మేమిద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఏదో ఒకటి అనాలని, "అమ్మ ఉండుంటే బాగుండేది," అన్నాను.

"ఉంటే ఏటి? ముష్టి జిగురు సూపిస్తే ఒప్పుకునే మనిషేటి మీ అమ్మ?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నేనూ ఆవిడ మాటే నమ్మినాను వదినా. అందుకే ఎదురు సెప్పలేదు. ఒక్క మాటకి నన్నొగ్గేసి పోయినోడి కోసం ఏడవడం ఏటని ఏడవలేదు. ఏటేటా తద్దినం వంట తిట్టుకుంటానే వండినాను. పొద్దున్నే ఆ కోపమే నన్ను లేపేది. ఇప్పుడొచ్చి ఆడు ఇంటికి రావాలనే ఎళ్లినాడంటే నేనేటి చేసుకోవాలి?"

మా అమ్మ నింద ఆమెకు బరువనుకున్నాను ఇన్నేళ్లూ. ఆమె నిలబడింది దాని మీదేనని నాకు తెలియలేదు.

సాయంత్రానికి అన్నీ బిగించి, సీసా తగిలించి, కిక్కు కొట్టాడు. చాలాసార్లు కొట్టాక బండి దగ్గి, తెల్లటి పొగ వదిలి, అందుకుంది. చెవులు సరిగా వినపడని మరదలు ఆ చప్పుడుకు తల ఎత్తింది. మెకానిక్కు సంతోషంగా చేతులు తుడుచుకుని, ఇంజిన్ ఆపేయబోయాడు.

"ఆపకు నాయనా," అంది మరదలు. "పెట్రోలు కట్టెయ్. దానంతట అదే ఆగనీ."

"అచ్ఛా, మామ్మకి తెలుసే," అని వాడు సీసా ట్యాపు తిప్పాడు.

ముగ్గురం నిలబడ్డాం. బండి అలాగే నడిచింది, ఏమీ కానట్టు. తర్వాత చప్పుడు పలచబడింది. ఆగబోయే ముందు ఒక్కసారి గొంతు పెంచి పైకి లేచింది. అలా లేస్తుందని నేను మరిచిపోయాను. ఆగింది. మరదలు సీటు మీద చెయ్యి వేసి, మెకానిక్కు ఎదుటే, చిన్నపిల్లలా ఏడ్చింది. వాడు తన కూలి అడగడానికి మొహమాటపడి, రేపొస్తానని వెళ్లిపోయాడు.

వ్యాపారి రెండుసార్లు మనిషిని పంపాడు. మరదలు తర్వాత చూద్దామంటోంది. పగలు వంటింట్లో ఏదో పని చేస్తూ చేస్తూ ఆగి, కళ్లు తుడుచుకుంటుంది. ఓదార్చబోతే, "నీకు ఎప్పుడో అయిపోయింది వదినా, నన్నొగ్గేయ్," అంటుంది. నిజమే. తమ్ముడు పోయి నాకు ముప్పై ఏళ్లు దాటింది. ఆమెకు ఇంకా నెల నిండలేదు.