వస్తోందా, వెళ్ళారా?

లోకంలో ఎన్ని రోగాలున్నా ఆ వార్డు పెద్ద సిస్టరు దగ్గరున్న ప్రశ్న ఒకటే: "ఒంటికి వెళ్ళారా?" జ్వరమన్నా అదే, తలనొప్పన్నా అదే. లిఫ్టు బాగుచేయడానికొచ్చిన మనిషి నిచ్చెన మీద విసుక్కుంటుంటే కిందనుంచి అతన్నీ అడిగింది. రౌండ్లలో అందరి మీదా అరుస్తున్న పెద్ద డాక్టరుగారిని కూడా వదల్లేదట. ఆయన నోరు మూసుకుని వెళ్ళొచ్చి, మిగతా రౌండు మనిషిలా పూర్తిచేశారని చెప్పుకుంటారు.

చిన్న డాక్టరమ్మకి మాత్రం ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళుమంట. అన్నేసి లావు పుస్తకాలు మింగి వచ్చింది ఇది వినడానికా? పైగా సిస్టరు ఆమెని కూడా డ్యూటీకి రెండుసార్లు అడుగుతుంది. ఆమె ఒక్కసారీ జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి రెండింటికి, పొద్దున్న హెర్నియా ఆపరేషనైన లెక్కల మాస్టారి గుండె నిమిషానికి నూట నలభై కొట్టుకోవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ పరుగెత్తింది. జ్వరం లేదు, బీపీ పడిపోలేదు, కట్టు రక్తంతో తడవలేదు. ఈసీజీలో గుండె లయ తప్పలేదు గాని పరుగు మాత్రం ఆపలేదు. నొప్పిగా ఉందా అంటే మాస్టారు "ఫర్వాలేదమ్మా" అని దుప్పటి గడ్డందాకా లాక్కున్నారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమోనని ఆమెకి భయం పట్టుకుంది. అదే నిజమైతే తెల్లారేసరికి మనిషి దక్కకపోవచ్చు. తలుపు దగ్గర మాస్టారి భార్య చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. స్కానింగుకి తీసుకెళ్ళాలని డాక్టరమ్మ ఫోనెత్తింది.

అప్పుడొచ్చింది పెద్ద సిస్టరు, చెప్పులీడ్చుకుంటూ.

"ఒంటికి వెళ్ళారా?"

డాక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ముచ్చటా సాయంత్రమే తీరిందనీ, కేసు షీటులో రాసి కూడా పెట్టాననీ పళ్ళు నూరుతూ చెప్పింది.

"ఏమని అడిగావమ్మా?"

"ఒంటికి వస్తోందా అని. వస్తోందన్నారు."

సిస్టరు మంచం వైపు తిరిగింది. "రావడం సరే మాస్టారూ. వెళ్ళారా?"

మాస్టారు పైకప్పు కేసి చూశారు. పొద్దున్నుంచీ వస్తూనే ఉందట, వెళ్ళడమే కుదరడం లేదట. ఇంతమంది ఆడపిల్లల ముందు అంతకంటే వివరంగా చెప్పలేక, అడిగినదానికి అడిగినంతే జవాబిచ్చారట. లెక్కల మాస్టారు కదా!

డాక్టరమ్మ ఆయన బొడ్డు కింద చెయ్యి వేసి చూసింది. కుండలా గట్టిగా ఉంది. సిస్టరు తెర లాగి, ఆడవాళ్ళందర్నీ బయటికి పంపి, మగ నర్సుని పిలిచి గొట్టం వేయించింది. దాదాపు లీటరు వచ్చింది. అరగంటలో గుండె ఎనభై ఎనిమిదికి దిగింది. మాస్టారు గురకపెట్టారు. ఆయన భార్య బల్ల మీద కూలబడి, ఏడవాల్సింది పోయి నవ్వడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ సిగ్గుతో తలవంచుకుని కేసు షీటు రాస్తుంటే సిస్టరు ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూసింది.

"నీదీ నూట పది. వచ్చినప్పట్నుంచీ కూర్చున్న పాపాన పోలేదు. కాస్త ఆగండర్రా అంటే ఈ ఆస్పత్రిలో నా మాట ఎవరూ వినరు. ఒంటికైతే వెళ్తారు. ఆ రెండు నిమిషాలే విశ్రాంతి."

లిఫ్టు మనిషీ, పెద్ద డాక్టరుగారూ గుర్తొచ్చి డాక్టరమ్మ నవ్వు బిగబట్టుకుంది. సిస్టరు ఆమె ముందున్న డ్యూటీ ఫోను తన వైపు లాక్కుంది.

డాక్టరమ్మ మొదటిసారి జవాబు చెప్పింది. "వస్తోంది సిస్టర్."

"రావడం కాదు తల్లీ," అంది సిస్టరు ఆమె కుర్చీలో చేరబడుతూ, "వెళ్ళు."