మేస్త్రమ్మ విప్పిన కట్ట

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, గ్రంథాలయం తలుపులు తీసి ఇంకా కుర్చీలో కూర్చోకముందే, పొగాకు షెడ్డులో పనిచేసే ఒకావిడ వచ్చి గుమ్మం బయట నిలబడింది. "పంతులుగారూ, మేస్త్రమ్మ పోయిందండీ. తెల్లారుజామున. మీకు చెప్పి రమ్మన్నారు" అంది. లోపలికి రమ్మంటే రాలేదు. షెడ్డుకి వేళయిపోతోందని వెళ్ళిపోయింది. తాళంచెవి చేత్తో పట్టుకుని నేను ఎంతసేపు అలా ఉండిపోయానో తెలియదు. పేపరు చదవడానికి వచ్చిన పెద్దాయన "ఏమయ్యా, కాస్త జరుగు" అని రెండుసార్లు అంటేగాని దారి ఇవ్వలేదట.

ఎవరీ మేస్త్రమ్మ అని మీలో చాలామంది అడుగుతారు. పొగాకు షెడ్డులో నలభైమంది ఆడవాళ్ళ చేత ఆకు గ్రేడింగు చేయించే మేస్త్రి ఆమె. చదువు రాదు. గ్రంథాలయంలో సభ్యత్వమూ లేదు. అయినా ఈరోజు మీరు మా బీరువాలోంచి ఒక పుస్తకం తీసినప్పుడు అందులో పురుగు చిల్లు కనపడకపోతే, ఆ పుణ్యంలో సగం ఆమెదే. ఆమెలాగా ప్రశ్నలు వేసే మనిషిని నేను కాలేజీల్లో కూడా చూడలేదు. ఆ ప్రశ్నలకి తెలిసో తెలియకో ఏదో ఒక జవాబు చెబుతూ వచ్చాను. ఒక్కదానికి మాత్రం అబద్ధం చెప్పాను. పదేళ్ళపాటు దాన్ని దిద్దుకోవడానికి నోరు రాలేదు. అది చెప్పకుండా ఊరికే ఆమెను పొగిడితే నాకే సిగ్గు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

అప్పట్లో మన గ్రంథాలయం బజారులో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. ఇంటివాళ్ళు ఎండాకాలం మొదట్లోనే ఖాళీ చెయ్యమన్నారు. కొత్త భవనానికి శ్లాబు పడింది గాని, గచ్చు కాలేదు, తలుపులు లేవు. నాలుగు వేల పుస్తకాలు, ముప్ఫై ఒక్క తాళపత్రాల కట్టలు రెండు నెలలపాటు ఎక్కడ దాచాలి? మా కమిటీ ప్రెసిడెంటుగారిది పొగాకు వ్యాపారం. "నా గోడౌను ఖాళీగా ఉంది, పెట్టుకోండి" అన్నారు. ఆ ఏడు ఆకు సరిగ్గా పండక షెడ్డు తొందరగా మూతబడింది. మూటలు కట్టడానికి మేస్త్రమ్మనీ ఆరుగురు ఆడవాళ్ళనీ పంపించారు.

నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. గ్రంథాలయ శిక్షణ పాసై, సర్టిఫికెట్టుకి అద్దాల చట్రం కట్టించుకున్నవాణ్ణి. ఉద్యోగం మాత్రం టెంపరరీ. టెంపరరీ వాడికి పొగరు కాస్త ఎక్కువే ఉంటుంది. పుస్తకాలు మొయ్యడానికి పొగాకు వాళ్ళేమిటని నేను మొహం చిట్లించుకున్న మాట నిజం.

ఆమె వచ్చీరాగానే మూట కట్టలేదు. ఒక పాత పుస్తకం తీసి, కుట్టున్న వీపు కిందికి పెట్టి అరచేతిలో రెండు దెబ్బలు కొట్టింది. గోధుమరంగు పొడి రాలింది. అందులో ఆవగింజంత పురుగు ఒకటి కదిలింది.

"ఇది మా పురుగేనండీ" అంది, చుట్టాన్ని చూసినట్టు.

"మీ పురుగేమిటి?"

"పొగాకు పురుగు. మిరపకాయ గోడౌన్లో కూడా ఇదే ఉంటది. పొగాకునీ మిరపకాయనీ అరిగించుకునేదానికి మీ పుస్తకం ఒక లెక్కా?" అని, వెంటనే నావైపు తిరిగింది. "అవునండీ, దీనికి రుచి కాయితంలో ఉంటదా, జిగురులో ఉంటదా?"

నా శిక్షణలో ఆ పాఠం లేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక "రెండూ" అన్నాను. ఆమె ఊరుకోలేదు. కుట్లు ఊడిన పుస్తకాలు నాలుగు ఏరి, పక్కపక్కన పరిచి, గుంజిళ్ళు తీసినట్టు లేస్తూ కూర్చుంటూ చూసింది. చిల్లులన్నీ వీపు దగ్గరే గుంపుగా ఉన్నాయి, జిగురు పూసినచోట. "చూశారా, అట్టకి పూసిన పిండి కోసం వస్తంది. కాయితం దారిలో అడ్డమని తింటంది" అంది. తరవాత మెల్లగా, "మా గోడౌన్లో పెట్టమాకండి పంతులుగారూ. పెడితే జాతరే" అంది.

ఈ సంగతి ప్రెసిడెంటుగారికి చెబితే ఆయన మండిపడ్డారు. "నా గోడౌన్లో పురుగుందని నా మేస్త్రే చెబుతుందా?"

"లేదని నేనెప్పుడు చెప్పానండీ మీకు?" అంది ఆమె.

ఆయన కాసేపు మీసం మెలేసి, చివరికి నవ్వేసి, సెలవుల్లో ఖాళీగా ఉన్న హైస్కూలు గదులు రెండు ఇప్పించారు.

ఆ పది రోజుల్లో ఆమె దగ్గర నేను నేర్చుకున్నది నా చట్రం కట్టిన సర్టిఫికెట్టులో ఎక్కడా లేదు. మూట నేలకి ఆనకూడదు, కింద బల్లచెక్క ఉండాలి. గోడకి జానెడు ఎడం వదలాలి, గాలికీ చీపురుకీ దారి కావాలి. ఒక మనిషి ఎత్తి దించగలిగిన బరువే కట్టాలి. "ఇద్దరు మోసే మూట ఎప్పుడైనా ఒకరి కాలు మీదే పడుద్ది" అనేది. బీరువాకొక రంగు చొప్పున చీరాల నూలు పోగులు మూటలకి కట్టింది. నేను అంకెలు రాసి అంటించిన చీటీలు సగం దారిలోనే రాలిపోయాయి. పోగులు రాలలేదు.

తాళపత్రాలు మాత్రం నేనే కడతానన్నాను. తెలిసిన రైతు ఇంటి నుంచి రెండు బుట్టల పత్తి తెచ్చి మెత్తగా పరిచి, కట్టల్ని అందులో పెట్టాను. ఆమె వచ్చి ఆ పత్తిని వేళ్ళతో నలిపి చూసింది. గింజ తియ్యని పత్తి అది.

"ఎలకలకి పెళ్ళిభోజనం పెడతన్నారా పంతులుగారూ?" అంది. ఆరుగురూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నా చెవులు ఎర్రబడ్డాయి. పత్తి అంతా తీసేసి పాత పంచెల్లో చుట్టాం.

ఆ ముప్ఫై ఒక్క కట్టలూ మా ఊరి వైద్యుడుగారు ఇచ్చినవి. ఎనభై దాటిన మనిషి. రెండు కళ్ళలోనూ పువ్వు పడింది. ముప్ఫై కట్టలు ఆయన చదివినవే. ఒక్కటి మాత్రం ఆయన చిన్నప్పుడు ఇంట్లోకి వాననీళ్ళొచ్చి తడిసి, ఆరి, చెక్కలా అతుక్కుపోయింది. "మా తాత స్వహస్తంతో రాసుకున్నది నాయనా. విప్పితే విరుగుతుందని మా నాన్నా ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. నాకు ఈ మసకచూపైనా ఉండగా అందులో ఏముందో చూపించు" అన్నారు. నెల తిరక్కుండా చూపిస్తానని మాటిచ్చాను. మాటివ్వడానికి ఏం పోయింది?

స్కూలుగదిలో మూటలన్నీ సర్దాక, ఒక మిట్టమధ్యాహ్నం ఆ కట్ట ముందు పెట్టుకుని, పెన్సిలు చెక్కే చాకు సందులోకి దూర్చాను. పటుక్కుమంది. ఒక ఆకు మూడు ముక్కలు. అక్కడితో ఆగితే మనిషినే. ఈసారి జాగ్రత్తగా చేస్తానని రెండోది కూడా విరిచాను. ముసలాయన మొహం కళ్ళముందు ఆడింది.

గుమ్మంలోంచి మేస్త్రమ్మ చూసింది. "ముట్టుకోమాకండి" అంటూ వచ్చి నా చేతిలో చాకు లాక్కుంది. "నడినెత్తి ఎండలో ఆకు పట్టుకుంటారా ఎవరన్నా? మా షెడ్డులో అయితే రోజుకూలి కోసేదాన్ని."

"ఇది పొగాకు కాదు మేస్త్రమ్మా. తాటాకు."

"ఆకేగా?" అంది.

చాకు పక్కన పెట్టి చెప్పుకొచ్చింది. పొగాకు పదునుకి రానిదే చెయ్యి వెయ్యరట. గాలిలో చెమ్మ తాగి ఆకు మెత్తబడితే దాన్ని పదును అంటారు. ఎండిన ఆకు పొడిపొడి అవుతుంది, తడిసిన ఆకు కుళ్ళుతుంది, మధ్యలో ఉన్న ఆ కాస్త వేళలోనే పని. అయితే తాటాకుకి పదును ఎన్నాళ్ళకి వస్తుందో ఆమెకీ తెలియదు. తెలియదనే చెప్పింది. తెలియని సంగతి దొరికితే ఆమె మొహం వెలిగిపోయేది.

కిటికీలకి తడిగోనెలు వేలాడదీసింది. కింద తడి ఇసుక పోసి, పైన నులకమంచం వేసి, దాని మీద పంచెలో చుట్టిన కట్ట పెట్టింది. ఎక్కడా నీటిచుక్క తగలకుండా చూసుకుంది. పదునొచ్చిందో లేదో చూడాలంటే కట్టని కదపాలి కదా అన్నాను. "ఎందుకు? తమరు విరిచిన ముక్కలున్నాయిగా, వాటినడుగుదాం" అని, ముక్కల్ని కట్ట పక్కనే పెట్టింది. మూడు రోజులు పొద్దున్నే వచ్చి ఒక ముక్కని వేళ్ళ మధ్య వంచి చూసేది. మొదటిరోజు చిట్లింది. రెండోరోజు కొంచెం వంగి చిట్లింది. మూడోరోజు సాయంత్రం కట్టని వాసన చూసి కంగారుపడింది. "రేపటికి రాకపోతే బూజు పడుద్ది పంతులుగారూ. అప్పుడు మొత్తం పోద్ది" అంది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

నాలుగోనాటి పొద్దున ముక్క విల్లులా వంగింది, విరగలేదు. ఆమె కొబ్బరి ఈనె ఒకటి నున్నగా గీకి, ఆకుకీ ఆకుకీ మధ్య ఊపిరి బిగబట్టి జరిపింది. విడివడ్డ ఆకుని ఒకావిడ అందుకుని నీడలో పరిచేది. మధ్యాహ్నానికి అరవై నాలుగు ఆకులు నేలంతా పరుచుకున్నాయి. ఒక్కటీ విరగలేదు.

ఒకదాని తరవాత ఒకటి చూసుకుంటూ పోయాను. మొదటి పదకొండు ఆకుల మీద రాత ఉంది. తక్కినవన్నీ, నేను విరిచినవి కూడా, ఖాళీ.

"ఏం లేదా? ఎందుకు లేదు?" అంది మేస్త్రమ్మ. ఒక్కో ఆకునీ వెలుతురుకి అడ్డంపెట్టి తిరగేసి బోర్లేసి చూసింది. "ఇంత సోకుగా కత్తిరించుకుని, చిల్లులు పొడుచుకుని, తాడు కట్టుకుని, రాయకుండా ఊరుకున్నాడా? ఏమై ఉంటదండీ?"

అదే ప్రశ్న మోసుకుంటూ వైద్యుడుగారి దగ్గరికి భయపడుతూ వెళ్ళాను. ఆయన పదకొండు ఆకులూ కంటికి ఆనించుకుని చదివారు. ఖాళీ ఆకుల్నీ, నేను విరిచిన ముక్కల్నీ తడిమారు. తరవాత దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మా తాత మందుకి వచ్చినవాళ్ళందరినీ రేపు రమ్మనేవాడటయ్యా. పుస్తకాన్నీ రేపు రమ్మన్నాడన్నమాట." కళ్ళు తుడుచుకున్నారు. "రెండు తరాలుగా మోసిన బెంగ. దిగిపోయింది" అన్నారు. విరిగిన అంచు మీద వేలు పెట్టి, "ఇదెవరు?" అన్నారు. ముసలివాళ్ళ దగ్గర దాచలేం. జరిగిందంతా, మేస్త్రమ్మ మాటలతో సహా చెప్పాను. ఆయన ఆమె పేరు, ఇంటిపేరు అడిగి, ఒక ఖాళీ ఆకు ఉంచుకున్నారు.

కొత్త భవనంలో పుస్తకాలు సర్దే రోజున ఆ ఆకు నాకు పంపించారు. గంటంతో గీసి మసి పూసిన అయిదు వరసలు, కళ్ళు సరిగ్గా కనపడని మనిషి వేళ్ళ గుర్తుతో రాసినవి. చుట్టూ అందరూ ఉన్నారు, ప్రెసిడెంటుగారు కూడా. మేస్త్రమ్మ బీరువా దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం రాశారండీ?" అంది.

చదివాను. "అతుకుపడిన ఆకును ఎండవేళ ముట్టరాదు. తడిగోనెల గదిలో నీరు తగలకుండా మూడు దినములుంచవలెను. విరిగిన ముక్క వంగిననాడే కట్ట విప్పవలెను. విప్పిన ఆకు నీడను ఆరవలెను."

"నీరు తగలకుండా అని రాశారా? మంచిపని చేశారు. అదే ముఖ్యం" అని తల ఊపింది. తరవాత వంగి చూసింది. "ఆ కింద ఇంకో వరస ఉందిగా. అదేంటి?"

ఆ వరసలో ఇలా ఉంది: 'గ్రంథాలయము పంతులు రెండాకులు విరవగా, తక్కిన అరువది నాలుగును విరగకుండ విప్పినది పొగాకు మేస్త్రి', ఆ తరవాత ఇంటిపేరుతో సహా ఆమె పేరు. రెండో సగమైనా చదవచ్చు కదా అని మీరంటారు. అనండి. అప్పటికే నేను కట్టని శాస్త్రీయ పద్ధతిలో స్వయంగా విప్పానని ప్రెసిడెంటుగారికి రిపోర్టు రాసి ఇచ్చాను. దాని మీదే నా ఉద్యోగం పర్మనెంటు కాబోతోంది.

"దేవుడి పేరు, శ్రీరామ అని" అన్నాను.

ఆమె చెయ్యి కొంగుకి మరోసారి తుడుచుకుని, ఆ వరసని వేళ్ళ చివర్లతో తాకి, కళ్ళకద్దుకుంది.

వైద్యుడుగారిని ఆ నెలలోనే కూతురు తాడేపల్లి తీసుకెళ్ళింది. ఇక ఆమెకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నా ఉద్యోగం పర్మనెంటయింది. ఏటా మాఘంలో మేస్త్రమ్మ వచ్చి బీరువాలన్నీ తీయించి, పుస్తకాల వీపులు తట్టి, నన్ను నాలుగు తిట్టి, వంద ప్రశ్నలడిగి వెళ్ళేది. వెళ్ళేముందు ఆ ఆకు చూపించమని, ఆ చివరి వరసకి దణ్ణం పెట్టుకునేది. ప్రతి ఏడూ ఈసారి చెప్పేద్దామనుకునేవాణ్ణి. ప్రతి ఏడూ నా నోరు పెగల్లేదు.

ఆమె పోయిన పదకొండోరోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఆకుని తీసుకెళ్ళలేదు, ఎండలు మండిపోతున్నాయి. అయిదు వరసలూ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. పందిట్లో షెడ్డు ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. నిలబడి మొత్తం చదివాను, నేను విరిచినవీ, ఆమె విప్పినవీ, ఆమె పేరూ, నా అబద్ధమూ. ఒకావిడ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె కూతురు అయిదో క్లాసు దాకా చదువుకుంది. నా చేతిలోంచి కాగితం తీసుకుని, చివరి వరస కింద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. తల్లి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆమె భుజాల మీదుగా వంగారు. ఆ వేలు పేరు మొదటి అక్షరం మీదికి వెనక్కి వెళ్ళి, మళ్ళీ కదిలింది.