గుర్రంలో వెనక సగం

మా వదిన ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాలు కానీ, సబ్బుల కరపత్రాలు కానీ, ఆమె ఎర్ర కలం కింద నుంచి దూరి బయటపడాల్సిందే. "నా చేతిలోంచి తప్పు బయటికి పోలేదు" అని గర్వంగా చెప్పుకునేది. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండడం ఎలా ఉంటుందో నేను రాసే సామాన్ల చీటీలను అడగాలి. ఒకసారి 'ఉప్పు'కి కూడా దిద్దుబాటు పడింది.

రిటైరయ్యాక దిద్దడానికేమీ లేక వదినకు చేతులు దురద పెట్టాయి. అప్పుడే మా ఊళ్లో ఏళ్ల తరబడి మూతపడి ఉన్న నాటకశాలను బాగుచేయిస్తున్నారని తెలిసింది. ఒకప్పుడు అక్కడ తెర వెనక సామాన్లు మార్చేలోపు జనం లేచిపోకుండా వింత నాట్యాలు ఆడించేవారట. నిచ్చెన మీద నిలబడి నిచ్చెనతోనే నడిచే ఆట. తల వెనక ఇంకో ముఖం తగిలించుకుని, ఎటు చూస్తున్నాడో తెలియకుండా ఆడే ఆట. వీటి చరిత్ర ఎవరూ రాయలేదని వదిన కనిపెట్టింది. ఒక నోటు పుస్తకం కొని, వీధిలో ఎవరు డెబ్బై దాటితే వాళ్ల గుమ్మంలో కూర్చునేది. డెబ్బై దాటిన మనిషి ఇంట్లోనే ఉన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తన జాబితా మాకు చదివి వినిపిస్తోంది. మా అమ్మ అంతా విని, "గుర్రం రాసుకోలేదేం?" అంది.

"ఏ గుర్రం అత్తయ్యా?"

"నేను."

నాకు మంచినీళ్లు కొరబోయాయి. అన్నయ్య నా వీపు చరిచాడు కానీ, కళ్లు మాత్రం అమ్మ మీదే ఉన్నాయి.

తేలిందేమిటంటే, ఒకే తొడుగులో ఇద్దరు దూరి ఆడే గుర్రం నాట్యం ఆ నాటకశాలలో రెండేళ్లు నడిచింది. ముందు సగం పేరు మోసిన హాస్యనర్తకుడు. వెనక సగం మా అమ్మ, అప్పటికింకా పెళ్లి కాలేదు. నడుం వంచి, ముందాయన బెల్టు పట్టుకుని, లోపలి చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆడేది. చివర్లో ఆయన ఎగిరితే నడుం పట్టి పైకెత్తి మోసేది. చూసేవాళ్లకు గుర్రం వెనక కాళ్ల మీద లేచినట్టు ఉండేది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"ముందు సగమైతే చెప్పుకునేదాన్నేరా. వెనక సగమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

వదిన అన్నం చెయ్యి కడుక్కోకుండానే కలం అందుకుంది. నాటకశాల గోడ మీద పాత ఆటల బొమ్మలు వేసి, కింద ఆడినవాళ్ల పేర్లు రాయిస్తున్నారు. పది రోజుల్లో ప్రారంభం. గుర్రం కింద రాయబోయేవి రెండూ మగవాళ్ల పేర్లని ఆమెకు తెలుసు.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని కమిటీ కార్యదర్శిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఎవరో కాదు, ముందు సగంగారి అబ్బాయి. మంచి మర్యాదస్థుడు. టీ ఇప్పించారు, ఫోటో చూపించారు. ఆ ఫోటోలో మా అమ్మ ఉంది. కాకపోతే గుర్రం తప్ప ఏమీ కనపడదు.

తర్వాత పాతికేళ్ల కిందట వేసిన నాటకశాల స్మారక సంచిక తీశారు. అప్పటి పత్రికలో వచ్చిన సమీక్షను అందులో తిరిగి అచ్చువేశారు. 'ముందు సగం గాలిలోకి ఎగిరాడు. వెనక సగం అతన్ని మోశాడు.'

"మోశాడు అని ఉంది కదమ్మా, మగమనిషే. అందుకే నాన్న జట్టులోని ఇంకో ఆటగాడి పేరు రాయిస్తున్నాం. దీన్ని కాదనే అచ్చు ఇంకోటి తెండి. నేనే దగ్గరుండి మీ అత్తగారి పేరు రాయిస్తాను."

ఇంటికొచ్చి సంగతి చెప్పాం. అమ్మ లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. పట్టపగలు అమ్మ పడుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఆరు రోజులు వదిన లైబ్రరీలో పాత పత్రికల గదిలోనే మకాం. నా చేత ఆఫీసుకు సెలవు పెట్టించి కట్టలు మోయించింది. దుమ్ముకి నేను తుమ్మినప్పుడల్లా లైబ్రేరియన్ నావైపు దొంగను చూసినట్టు చూసేది. వదిన స్కేలు పెట్టి, పంక్తి పంక్తికీ కిందికి జరుపుకుంటూ చదివేది. అచ్చుతప్పు కనపడితే చెయ్యి దానంతటదే ఎర్ర కలం కోసం సంచీలోకి వెళ్లేది. లైబ్రేరియన్ దగ్గేది. ఆరో రోజు స్కేలు ఆగిపోయింది.

'ముందు సగం గాలిలోకి ఎగిరాడు. వెనక సగం అతన్ని మోసింది.'

"మోసింది!" అని వదిన ఒక్క అరుపు అరిచింది. లైబ్రేరియన్ పెదాల మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. "మోసిందండీ, మోసింది" అని ఆవిడ చెవిలో గుసగుసగా చెప్పింది వదిన.

నకలు తీయించుకుని ఇంటికొచ్చి, కార్యదర్శిగారిని అడిగి తెచ్చుకున్న స్మారక సంచిక పక్కన పెట్టి చూసింది. "లక్షణంగా ఉన్న మాటను చెడగొట్టాడు చూడు! ఏ మహానుభావుడయ్యా మరిదీ, ఈ ప్రూఫు దిద్దాడు?" అంటూ చివరి పేజీ తిప్పింది. అక్కడ అచ్చాఫీసు పేరుంది. ఆ ఏళ్లలో ఆ ఆఫీసులో ప్రూఫులు చూసే మనిషి ఒక్కరే.

వదిన సంచిక మూసి, "దిద్దాడు కాదు, దిద్దింది" అంది.

'ఎగిరాడు' పక్కన 'మోసింది' ఉంటే పొంతన కుదరలేదని తన కలమే సరిచేసింది.

"ఈ ముక్క ఎవరికీ చెప్పకు వదినా. నకలు చూపిస్తే చాలదూ?"

"చాలదయ్యా. పత్రికదే పొరపాటు, సంచికలో సరిచేశారు అంటాడాయన. సరిచేసింది ఎవరో చెప్పాల్సిందే."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ముప్పై ఏళ్ల పేరు పోతుందే అమ్మాయ్."

"మీ పేరు పోయి అరవై ఏళ్లయింది కదత్తయ్యా."

కమిటీలో పదిమంది కూర్చుని ఉన్నారు. కార్యదర్శిగారు వదిన చెప్పినట్టే అన్నారు. "అచ్చుతప్పేమోనమ్మా. సగం అంటే వస్తువు కదా, అందుకే మోసింది అని రాసుంటారు."

"సగం వస్తువైతే ముందు సగం కూడా ఎగిరింది అనే రాయాలి కదండీ. మీ నాన్నగారికి 'డు' ఇచ్చి, వెనకున్న మనిషికి 'ది' ఎందుకిచ్చినట్టు? ఆ సమీక్షకుడు కళ్లారా చూసి రాశాడు. చూడకుండా దిద్దింది నేను. ఆ సంచిక ప్రూఫులు నావే. తప్పు నాది."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఆ పది మందిలో ముగ్గురి పుస్తకాలు వదిన చేతి మీదుగా అచ్చయినవే.

కార్యదర్శిగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ నకలు చదివారు. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

"మా నాన్న పోయేదాకా ఒకటే మాటండీ. 'రెండేళ్లు నన్ను మోసింది, ఒక్కనాడు కింద పడెయ్యలేదు' అని. ఆ గుర్రం వేషమే మాకు అన్నం పెట్టింది కదా, దాన్నే అంటున్నారనుకున్నాను!"

ప్రారంభం రోజు పొద్దున్నే అమ్మను గోడ దగ్గరికి తీసుకెళ్లాం. తన పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమి చూసుకుంది. ఏడుస్తుందేమోనని మేమంతా రుమాళ్లు తీశాం. ఆవిడ బొమ్మలేసినతని వైపు తిరిగింది.

"ఏం నాయనా, ఈ వెనక కాలు ఎవరిది?"

"మీదేనండీ."

"నాదైతే ఇంత తిన్నగా ఉంటుందా? మోకాలు వంచకుండా అంతటి మనిషిని ఎలా ఎత్తాననుకున్నావ్?" అంటూ గోడ పట్టుకుని, ఎనభై ఏళ్ల మోకాళ్లు వంచి మరీ చూపించింది. అతను హడావిడిగా కాలు మళ్లీ వేశాడు.

రంగు ఆరకముందే జనం వచ్చేశారు. కార్యదర్శిగారు తెల్ల చొక్కాలో, అతిథులను పలకరిస్తూ ఆ గోడకే ఆనుకుని నిలబడ్డారు. తర్వాత వేదికెక్కి, "ఇదిగో, మా నాన్నను మోసిన మహాతల్లి!" అని వెనక కుర్చీలో ఉన్న అమ్మను చూపించడానికి జనానికి వీపు పెట్టారు. ఆ వీపు మీద, మోకాలు చక్కగా వంగిన గోధుమరంగు గుర్రం కాలు.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తన మాటకే అనుకుని ఆయన తబ్బిబ్బై ఇటు తిరిగి నమస్కారం పెట్టారు. అప్పుడు ఆ వీపు అమ్మ కంటపడింది. లేచి నిలబడి, ఆ కాలు మీద చెయ్యేసి, "ఆ, ఇప్పుడు నాదే" అంది.