గుంటగలగరాకు నూనె

మగ్గంలో కూర్చుంటే మా అక్క జడ నేలను తాకేది. బెంగళూరు ఆసుపత్రిలో క్యాన్సర్ మందు ఎక్కించాక ఆ జడ పోయింది. మందు ఆపితే జుట్టు దానంతటదే వస్తుందని డాక్టర్ చెప్పాడు. అమ్మ వినలేదు. ధర్మవరంలో మా పెరట్లో పొయ్యి వెలిగించి గుంటగలగరాకు నూనె కాచడం మొదలుపెట్టింది.

ఆకు తేవడం నా పని. హిందూపురంలో ఉద్యోగం చేసే నేను ఆదివారం రైల్లో వస్తూ పెనుకొండలో దిగి, కాలువ గట్ల మీద ఆ మొక్కలు పీక్కొని తర్వాతి బండి ఎక్కేదాన్ని. ఒకసారి పొరపాటున సంచీ నిండా గడ్డిచేమంతి తెచ్చాను. అక్క తల మీద కొంగు జారకుండా పట్టుకొని పడీపడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ నవ్వు కోసం మళ్లీ అదే తెద్దామా అని కూడా అనిపించింది.

అమ్మ ఆకు నూరి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని నువ్వుల నూనెలో పోసి సన్నసెగ మీద కాచేది. ఆకులో సత్తువ నూనెలోకి దిగాలి, నీళ్లన్నీ ఇగిరిపోవాలి. వత్తిని నూనెలో ముంచి వెలిగించి చూసేది. చిటపటలాడితే ఇంకా నీళ్లున్నట్టు. ఆ రసానికి అరచేతులు నల్లబడితే, పట్టుకు మరకలవుతాయని తన మగ్గం కూడా ఆపేసింది.

"జుట్టు రానీమ్మా. జడేసుకొనే మగ్గంలో కూసుంటా," అనేది అక్క.

కొన్నాళ్లకు డాక్టర్ మందు ఆపేశాడు. ఇక లాభం లేదని బావకూ నాకూ మాత్రం చెప్పాడు. మందు ఆగాక అక్క తల మీద సన్నగా నూగు మొలిచింది. నూనె పనిచేస్తోందని అమ్మ ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. అక్క చేతిలో అద్దం దించేది కాదు. వాళ్ల సంతోషం చూడలేక నేను దొడ్లోకి పోయి ఏడ్చాను.

ఒక ఆదివారం పొయ్యి మీద నూనె కాగుతుండగానే అక్క పోయింది. ఆమె మీద పడి ఏడ్చిన అమ్మ, కాసేపటికి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను మంట ఆర్పబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండు. ఇంకా నీళ్లుండాయి."

ఎవరి కోసమని అరవబోయి ఆగిపోయాను.

స్నానం చేయించే ముందు అమ్మ ఆ గోరువెచ్చని నూనెను అక్క తలకు అంటింది. మిగిలింది తల దగ్గర పెట్టే దీపంలో పోసింది. నేను వెలిగించాను. వత్తి చిటపటలాడలేదు.

"ఈసారి నూనె బాగా కుదిరిండాది," అంది అమ్మ.