చిక్కుడు కొత్తలయ్యాక

మా వైపు మనిషికి మనిషి ఎదురైతే మొదట అడిగేది తిన్నావా అని. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ముసలమ్మ కూడా అడుగుతుంది. ఆ ప్రశ్నకు నేను ఆరేళ్లపాటు ఒకటే జవాబు చెప్పాను, తిన్నానని. చాలాసార్లు అది అబద్ధం. నిజమైన రోజుల్లోనేమో ఏం తిన్నానో, ఎంత తిన్నానో పైకి చెప్పగలిగేది కాదు. ఇప్పుడు చెబుతున్నానంటే సిగ్గు పోయి కాదు, అప్పు తీరింది కాబట్టి.

ఎనభైల్లో నాకు టీచరుద్యోగం వచ్చింది. జూలూరుపాడు దాటి కొంత దూరం వెళ్లాక, అడవి అంచున ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. మా ఇల్లు తల్లాడ దగ్గర. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి నల్లరేగడి కొన్నాడు, మా నాన్న అందులో మిరప వేశాడు. పెళ్లి కాని పిల్లను అడవికి పంపుతారా అని చుట్టాలు ఆశ్చర్యపోతుంటే, మా అమ్మ తన మెడలో గొలుసు తీసి నా మెడలో వేసింది. ఎవరి దగ్గరా చెయ్యి చాపవద్దని చెప్పింది. ఏడాది తిరక్కుండా ఆ గొలుసు జూలూరుపాడు షావుకారు ఇనప్పెట్టెలోకి వెళ్లింది.

దానికి కారణం తిండి. ఖమ్మంలో కాలేజీ చదివే రోజుల్లో హాస్టలు పిల్లలు నన్ను గుమ్మడికాయ అని పిలిచేవాళ్లు. నవ్వుతూనే పిలిచేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు వెనకాల ఉపవాసాలు మొదలుపెట్టాను. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, మధ్యలో ఏకాదశులు, సంకష్టులు. పాపం దేవుళ్లు నన్నెప్పుడూ అడగలేదు. వాళ్లను అడ్డం పెట్టుకుని నా ఆకలితో నేను పోట్లాడాను. తినే రోజుల్లో కూడా ముద్దలో మెతుకులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఆకలి ఊరుకుంటుందా. ఆదివారం జూలూరుపాడు వెళ్లి బ్రెడ్డు, బిస్కెట్లు, మైసూరుపాకు, కారప్పూస సంచి నిండా తెచ్చుకుని, గది తలుపు మూసుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా తినేదాన్ని. తర్వాత భయంతో వాంతి చేసుకునేదాన్ని. సోమవారం మళ్లీ శివుడు. దానికి వైద్యంలో ఒక పేరుందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అప్పట్లో నేను పెట్టుకున్న పేరు తిండిపోతుతనం.

జీతంలో సగం ఇంటికి పంపేదాన్ని. మిగిలినదానితో ఇదంతా ఎక్కడ సాగుతుంది? మూడు దుకాణాల్లో ఖాతాలు పెట్టాను. ఒక్కచోటే అయితే ఇంత తిండి ఎవరికని అడుగుతారని మూడు. ఆ మూడూ మోయలేనప్పుడు పెద్ద దుకాణం షావుకారు దగ్గరే గొలుసు తాకట్టు పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి పదిహేను వందలు తెచ్చాను. అవీ కరిగిపోయాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. టీచరమ్మ తన జీతంతో ఆశ్రమం పిల్లలకు బిస్కెట్లు కొనిపెడుతున్నదని షావుకారు అనుకున్నాడు. పది మందికీ చెప్పాడు కూడా. ఆ ఊళ్లో నన్ను రెండు పుణ్యాలకు మెచ్చుకునేవాళ్లు, ఉపవాసాలకూ దానానికీ. నేను రెండింటినీ కాదనలేదు. నా బతుకులో నేను సిగ్గుపడాల్సిన పని ఒక్కటే చెప్పమంటే, తినడం గురించి చెప్పను, ఆ మెప్పును మౌనంగా తీసుకోవడం గురించి చెబుతాను.

మా బడిలో వంట చేసే ఆవిడ పక్క గూడెం కోయ మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. చేరిన కొత్తల్లో అందరూ నన్ను తినమని బతిమాలారు, కొందరు తిట్టారు. ఈవిడ మాత్రం ఒక్కసారి కూడా బలవంతం చెయ్యలేదు. నా పళ్లెం పక్కన పెట్టి, నేను తిన్నానంటే సరేనని తీసేసేది. నన్ను పట్టించుకోని మనిషి ఒక్కతైనా ఉందని ప్రాణానికి హాయిగా ఉండేది.

వంటశాల కంచె మీద చిక్కుడు పాదు ఉండేది. కాయలు విరగకాసినా పిల్లలు ఒక్కటి తెంపేవాళ్లు కాదు, అక్క కూడా ముట్టేది కాదు. వాళ్ల గూడెంలో కొత్తగా ఏ పంట వచ్చినా, ఊరి పెద్ద దాన్ని వేల్పుకు పెట్టి పండుగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. ఆ పండుగను కొత్తలు అంటారు. వడ్లకు కొత్తలు, చిక్కుడుకు కొత్తలు, మామిడికి కొత్తలు. కళ్ల ముందు కాయ పండి రాలుతున్నా ఆగుతారు. ఆ రోజు రాగానే ఊరంతా కలిసి తింటారు.

నేను చేరిన రెండో ఏడు చలికాలంలో చిక్కుడు కొత్తలు అయ్యాయి. మర్నాడు అక్క మోదుగాకు డొప్పలో చిక్కుడుకాయ కూర తెచ్చి నా ముందు పెట్టింది. అలవాటుగా తిన్నాను అన్నాను. ఆమె ఎప్పటిలా డొప్ప తీసుకుని వెళ్లకుండా నా ఎదురుగా కూర్చుంది.

"టీచరమ్మా, ఒకటడుగుత, కోపం జెయ్యకు. మా వడ్లకు కొత్తలైనయ్, చిక్కుడుకైనయ్. మీ కులంల ఇంక దేనికీ కాలేదా? నువ్వొచ్చినకాంచి చూస్తున్న, ఏదీ ముట్టవు. మీ పెద్దమనిషి పండుగ ఎప్పుడు జేస్తడు?"

ఏడాదిన్నరగా ఆమె నన్ను బలవంతం చెయ్యకపోవడానికి కారణం అది. మా కులపెద్ద ఇంకా పండుగ చెయ్యలేదని, నియమంలో ఉన్న మనిషిని తినమనడం తప్పని అనుకుంది. నన్ను పట్టించుకోలేదనుకున్న మనిషి ఏడాదిన్నరగా నాకోసం ఎదురుచూసింది. నాకు ముందు పడీపడీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయ్యిందో తెలియదు. మాకు అలాంటి పండుగ ఏదీ లేదని చెప్పాను. ఆదివారాల సంగతి చెప్పాను, దుకాణాలు, గొలుసు, అన్నీ చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూనే విన్నది.

చివరికి ఆమె అడిగింది బాకీ ఎంతని. నాకు తెలియదు. ముద్దకు ఎన్ని మెతుకులో చెప్పగలను, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పలేను. ఖాతా పుస్తకం వైపు చూడాలంటేనే భయం.

"లెక్క తలకిందులు పట్టినవ్" అంది అక్క. "బాకీ లెక్కపెట్టు. బువ్వ లెక్కపెట్టకు."

విస్తట్లో వడ్డించేదాన్ని లెక్కపెడితే ఇల్లు కరువవుతుందని వాళ్ల గూడెంలో నమ్మకం. ఇల్లు సంగతేమో గానీ నా ఒళ్లు కరువైన మాట నిజం.

ఆ శనివారం మూడు దుకాణాలూ తిరిగాను. గొలుసు మీది అప్పుతో కలిపి మూడు వేల నూట నలభై. కాగితం మీద చూశాక, విచిత్రంగా, భయం తగ్గింది. వెంటనే తెలివితేటలు పని చేశాయి. రోజుకు ఒక్క పూట తింటే ఏడాదిలో తీర్చెయ్యవచ్చు, ఒళ్లూ తగ్గుతుంది అని అక్కకు లెక్క వేసి చెప్పాను. ఆమె పొయ్యి ఊదుతూ, ఒక్క పూట తిన్న మనిషి ఆదివారం మళ్లీ ఆ దుకాణానికే పోతుందని తేల్చేసింది. నేను ఎమ్మే చదివాను, ఆమె సంతకం రాని మనిషి. ఆరేళ్లలో నాకు తట్టని సంగతి ఆమెకు పొయ్యి దగ్గర తట్టింది.

సంక్రాంతి సెలవుల్లో ఖమ్మంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్లాను. ఆమె వాంతులకు అరిగిన నా పళ్లు చూసి, గొంతు తగ్గించి ఒకటి రెండు ప్రశ్నలు అడిగింది. ఈసారి అబద్ధం చెప్పలేదు. మందులు రాసి, వేళకు తినమని, తిండికీ తిండికీ మధ్య ఎక్కువ ఎడం ఉంచవద్దని చెప్పింది. అక్క చెప్పిందే. కాకపోతే ఫీజు ఇచ్చి విన్నాను కాబట్టి ఇంకొంచెం నమ్మకం కుదిరింది.

అలా ఏర్పాటు కుదిరింది. మూడు పూటలా పిల్లలతో పాటు వరసలో కూర్చుని తినాలి. నెలకు రెండు వందలు కట్టాలి. గొలుసు నా మెడలోకి రావాలి, నేను మళ్లీ ఉపవాసాల్లో పడకుండా రావాలి. ఒకటి జరిగి ఇంకోటి జరక్కపోతే లాభం లేదు. కట్టిన ప్రతి నెలకూ అక్క వంటశాల గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది.

మొదటి వారాలు నరకం. పప్పన్నం తిని లేస్తుంటే వాంతి చేసుకోవడానికి గదికి పరిగెత్తాలనిపించేది. తిన్నాక గంటసేపు అక్క నన్ను వంటశాల దాటనిచ్చేది కాదు. బియ్యంలో రాళ్లు ఏరించేది, చింతపండు గింజలు తీయించేది. చేతులు పనిలో ఉంటే భయం కాస్త పక్కకు జరిగేది. ఆ ఏడాది మా పిల్లలు తిన్నంత రాళ్లు లేని అన్నం ఏ ఆశ్రమంలోనూ తిని ఉండరు.

రెండు గీతలు పడ్డాక శివరాత్రికి ఇంటికి వెళ్లాను. కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. మా అమ్మ నన్ను చూసి సంతోషంగా, "కాస్త ఒళ్లు చేశావే" అంది. మెడ చూసి గొలుసేదంటే, అడవిలో దొంగల భయమని పెట్టెలో దాచానన్నాను. ఆ రెండు మాటలకు నేను నిలవలేదు. శివరాత్రికి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉన్నాను. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో జూలూరుపాడులో దిగి నలభై రూపాయల సరుకు అప్పు రాయించాను, బడికి చేరేలోపు ఖాళీ చేశాను.

ఇక అయిపోయిందనుకున్నాను. రాజీనామా చేసి ఇంటికి పోదామనే అనుకున్నాను. అక్కకు చెప్పి తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఆమె నలభై రూపాయలకు గోడ మీద ఒక పొట్టి గీత గీసి, పళ్లెంలో అన్నం పెట్టింది.

"గా తిన్నది గప్పుడే పోయింది. ఇప్పుడు బువ్వ టైము" అంది.

నిన్నటి తప్పుకు ఈరోజు పస్తు ఉండటమే నాకు తెలిసిన ప్రాయశ్చిత్తం. ఆ రాత్రి పస్తుండకుండా తిన్నాను. నాకు నయమవడం ఆ భోజనంతో మొదలైందని ఇప్పటికీ నమ్ముతాను. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు జారాను. జారిన ప్రతిసారీ తర్వాతి పూట వరసలో కూర్చున్నాను.

ఆ ఏడు దీపావళి వెళ్లేసరికి మూడు ఖాతాలూ కొట్టేయించాను. గొలుసు మీది అప్పు మిగిలింది. మరుసటి శివరాత్రికి మా ఇంట్లో అందరి ముందూ కూర్చుని పెరుగన్నం తిన్నాను. మా అమ్మ నోరు తెరిచింది. ఆమెను దొడ్లోకి తీసుకెళ్లి మొత్తం చెప్పాను. అంతా విని, నాన్నకు చెప్పి నాలుగు బస్తాల మిరప ముందే అమ్మిస్తానంది. వద్దన్నాను. ఇంత దూరం వచ్చి చివరి మెట్టు ఇంకొకరి భుజం మీద ఎక్కడం నాకిష్టం లేదు.

అంతకంటే పెద్ద పరీక్ష షావుకారు దగ్గర ఎదురైంది. తిరిగొచ్చి వడ్డీ కట్టబోతే ఆయన నా చెయ్యి ఆపాడు.

"పసిపిల్లల నోట్ల పెట్టినవ్ టీచరమ్మా. నీ దగ్గర వడ్డీ దీసుకుంటే నాకు పాపం. అసలు ఇయ్యి చాలు" అన్నాడు.

సరే అంటే గొలుసు ఒక నెల ముందే వచ్చేది. ఆయన సంతోషంగా ఉండేవాడు, నా పేరు ఇంకా వెలిగేది. గల్లా పెట్టె ముందు నిలబడి, పిల్లలు ఒక్క బిస్కెట్టు కూడా తినలేదని, మొత్తం నేనే తిన్నానని, అది నాకున్న జబ్బని చెప్పాను. ఆయన ఖాతా పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ పుస్తకం వైపు చూశాడు.

"మరి వడ్డీ పడ్తది" అన్నాడు.

ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంతమంది మెప్పులో దొరకని గౌరవం ఆ వడ్డీలో దొరికింది. పైసలతో సహా కట్టి రసీదు తీసుకున్నాను.

ఇరవయ్యో గీత ఆగస్టులో పడింది. ఆ రోజు ముసురు పట్టింది. షావుకారు గొలుసును తూచి చూపించి నా చేతిలో పెట్టాడు. అక్కడే మెడలో వేసుకున్నాను. తిరుగు బస్సు బురదలో దిగబడి రెండు గంటలు ఆగింది. బడికి చేరేసరికి పిల్లల మధ్యాహ్న భోజనాలు ఎప్పుడో అయిపోయాయి. ఒకప్పుడైతే పూట తప్పినందుకు లోలోపల పండుగ చేసుకునేదాన్ని. ఆ రోజు బస్సువాడి మీద కోపంగా ఉంది, కడుపు మండిపోతోంది.

అక్క గిన్నెలు తోముతోంది. తలెత్తింది. ముందు నా మొహం చూసింది, తర్వాత మెడ.

"తిన్నవా?" అంది.

"లేదక్కా, ఆకలవుతోంది. పెట్టు" అన్నాను.

అక్క చేతులు కడుక్కుని కుండ మీద మూత తీసింది. ఆ రోజు నా పళ్లెంలో ఎన్ని గరిటెల అన్నం పెట్టిందో నాకు తెలియదు.