మేనరికం మీద పడ్డ నింద

2018లో నేను రాజమహేంద్రవరంలోని ఒక ల్యాబ్‌లో క్రోమోజోముల పరీక్షలు చేసేదాన్ని. రోజంతా మైక్రోస్కోపుతోనే కాపురం. మనుషులతో మాట్లాడే ఓపిక నాకు మొదటినుంచీ తక్కువ. కణాలైతే ఎదురు ప్రశ్నలు వేయవు.

ఆ వర్షాకాలంలో తణుకు దగ్గర పల్లె నుంచి సూర్యకుమారి అనే ముప్ఫై నాలుగేళ్ల ఆవిడ బోన్‌మారో, అంటే ఎముక మూలుగ, శాంపిల్ వచ్చింది. ఇరవై కణాలు చూస్తే, పదిహేడింటిలో తొమ్మిదో క్రోమోజోము కొస, ఇరవై రెండో దాని కొస తెగి, ఒకదానిది ఇంకోదానికి అతుక్కున్నాయి. రెండు చీరల కొంగులు కోసి తారుమారుగా కుట్టినట్టు. దీన్నే ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఆ అతుకు దగ్గర తయారైన కొత్త జీన్ తెల్లకణాలను అదుపు లేకుండా పెంచేస్తుంది. అదే సి.ఎం.ఎల్. అనే బ్లడ్ క్యాన్సర్. అదృష్టవశాత్తూ ఆ జీన్ పనికి అడ్డుపడే మాత్ర ఉంది. క్రోమోజోముల్లో లోపం ఉందని రిపోర్టు పంపి, నా పని అయిపోయిందనుకున్నాను.

నెల తర్వాత ఆవిడకు వైద్యం చేస్తున్న డాక్టరు గారు ఫోన్ చేశారు. "ఆవిడ ఒక్క మాత్రా మింగలేదటండి. నా మాట వినడం లేదు. మీ దగ్గరికి పంపుతాను, ఆ క్రోమోజోముల ఫోటోలు చూపించండి."

నాకు ఒళ్లు మండింది. సూర్యకుమారి వాళ్ల అత్తగారితో వచ్చేసరికి, "బతకాలని లేదా అమ్మా?" అనేశాను.

"మా అమ్మానాన్నలది మేనరికమండి. నన్నూ మళ్లీ మేనత్త కొడుక్కే ఇచ్చారు. క్రోమోజోములంటే పుట్టుకతో వచ్చేవని మా ఊరి మాస్టారు చెప్పారండి. పుట్టుకతో వచ్చిందానికి మాత్రేం చేస్తుంది? నా పిల్లలకీ ఇదే రాసిపెట్టుంది కదండీ."

అత్తగారు తల దించుకున్నారు. "మళ్లీ మేనరికం వద్దని మా తమ్ముడు, దీని నాన్న, చెప్తూనే ఉన్నాడమ్మా. నేనే పట్టుబట్టి చేశాను."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"మేనరికాల వల్ల పిల్లలకి కొన్ని జబ్బులొచ్చే మాట నిజమేనండి. ఇది ఆ కోవది కాదు. ఇదిగో, ఈ మూడు కణాలు చూడండి, శుభ్రంగా ఉన్నాయి. పుట్టుకతో వచ్చిందైతే ఇరవై కణాల్లోనూ ఉండాలి కదా? ఇది మధ్యలో, మూలుగలోని ఒక కణంలో మొదలైంది. ఎందుకో ఎవరికీ తెలీదు. పిల్లలకి మాత్రం రాదు."

అత్తగారు తెర మీద వేలు పెట్టి ఆ మూడింటినీ లెక్కపెట్టుకున్నారు. "రాదంటే రాదేనా అమ్మా?"

"రాదండి."

పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారావిడ. అంతలోనే కోడలి వైపు తిరిగి, "విన్నావుగా. పద, ఏదైనా తిని ఆ మాత్ర ఏసుకో. నెల్రోజులు నా ప్రాణం తోడేశావు" అన్నారు.

ఏడాది తర్వాత మళ్లీ శాంపిల్ వచ్చింది. ఇరవై కణాలూ శుభ్రంగా ఉన్నాయి. నమ్మబుద్ధి కాక రెండుసార్లు చూశాను. సూర్యకుమారి ఇప్పటికీ రోజూ మాత్ర వేసుకుంటోంది, పరీక్షలకు తప్పకుండా వస్తోంది.

నా మొదటి రిపోర్టులో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ అది చేరిన ఇంట్లో ఒకరు బతుకు మీద ఆశ వదులుకున్నారు, ఇంకొకరు తన వాళ్లను తానే చంపుకున్నానని కుమిలిపోయారు. అప్పటినుంచి ఈ జబ్బు రిపోర్టుల కింద, డాక్టరు గారిని అడిగి, తెలుగులో ఒక మాట చేరుస్తున్నాను: "ఇది పుట్టుకతో వచ్చింది కాదు, మీ పిల్లలకు రాదు, ఇందులో ఎవరి తప్పూ లేదు."