తాడు మీది మనిషి

తొంభైల్లో పెళ్లయి సిరికొండ నుంచి బోధన్ వచ్చాను. చెరుకు ఆడే రోజుల్లో మా ఆయన పొద్దంతా చక్కెర ఫ్యాక్టరీలోనే ఉండేవాడు. ఇంట్లో నేనూ, ఆయన తన కోసం కొనుక్కున్న వీడియో గేమూ మిగిలేవాళ్లం.

అందులో ఒక మనిషి పెద్ద గుంతపైన తాడు పట్టుకుని ఊగుతాడు. తాడు అవతలి గట్టు దాకా వెళ్లినప్పుడు బటన్ నొక్కితే దూకుతాడు. నాకు ఎప్పుడూ కుదిరేది కాదు, గుంతలో పడేవాడు.

ఒక మధ్యాహ్నం ఒళ్లు మరిచి, "గట్టిగ పట్టుకో, ఇడ్వకు. నన్నొక్కదాన్ని జేసి పోకు," అంటున్నాను. ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే పక్కింట్లో బీడీలు చుట్టే అవ్వ. నన్ను తోసుకుని లోపలికొచ్చి, మంచం కింద కూడా వంగి చూసింది.

"ఎవడే లోపట?"

సిగ్గుతో చచ్చిపోతూ టీవీ చూపించాను. అవ్వ కాసేపు ఆ ఊగే బొమ్మనే చూసింది.

"గీనితోనా మాట్లాడుతున్నవ్? నువ్వచ్చి రెండు నెలలాయె, నీ గొంతు ఇనలే బిడ్డా. మూగపిల్లవనుకున్న."

ఆమె వెళ్లాక ఆ బటన్ నొక్కబుద్ధి కాలేదు. మా ఆయన వచ్చేదాకా అతన్ని తాడు మీదే ఉంచాను.